గూగుల్ సెర్చ్ కన్సోల్: సైటు ఆడిట్‌కు మొదటి ఆధారం

వెబ్‌సైటు చిరునామా ఇస్తే చాలు, నూటికి ఇన్ని మార్కులని క్షణాల్లో తేల్చిచెప్పే ఆడిట్ సాధనాలకు కొదవ లేదు. అయితే ఆ మార్కులు ఆయా సంస్థలు తమ సొంత లెక్కల ప్రకారం వేసేవే తప్ప గూగుల్ వేసేవి కావు. మన సైటు తనకు ఎలా కనిపిస్తోందో గూగుల్ స్వయంగా చూపేది సెర్చ్ కన్సోల్‌లో. 2015 వరకు వెబ్‌మాస్టర్ టూల్స్ అన్న పేరుతో ఉన్న ఈ సేవ ఉచితం. సైటు మనదేనని నిరూపించుకుంటే సరిపోతుంది.

ఏ పేజీలు గూగుల్ శోధన జాబితాలో (ఇండెక్స్‌లో) చేరాయో చూపే పేజీ ఇండెక్సింగ్ నివేదికలోనే దీని ప్రాణమంతా ఉంది. పేజీని కనుగొన్నా ఇంకా చదవలేదని అందులో ఉంటే, ఆ పేజీకి సైటు లోపలి నుంచి తగినన్ని లింకులు ఉన్నాయా, సర్వరు భారాన్ని తట్టుకుంటోందా అని చూడాలి. చదివి కూడా ఇండెక్స్‌లో చేర్చలేదని ఉంటే, అదే విషయం మరో పేజీలోనూ ఉందా, పాఠకులకు ఆ పేజీ నిజంగా పనికివస్తుందా అని పరిశీలించడం మేలు. ఈ రెండింటికీ తేడా చెప్పని ఆడిట్‌కు డబ్బు చెల్లించడం దండగని నా అభిప్రాయం.

ఒక్కో పేజీ స్థితిని విడిగా చూపే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ కూడా అంతే విలువైనది. ఒక పేజీని శోధనలో కనిపించకుండా చేయాలని నోఇండెక్స్ ట్యాగు పెట్టి, ఏ పేజీలను చదవకూడదో గూగుల్‌కు చెప్పే రోబోట్స్ ఫైలులోనూ అదే పేజీని అడ్డుకునేవారు చాలామంది. అలా అడ్డుకుంటే గూగుల్ ఆ పేజీని తెరవలేదు కనుక ట్యాగును చూడనే చూడదు, చిరునామా మాత్రం ఫలితాల్లో ఉండిపోవచ్చు. ఇన్‌స్పెక్షన్‌లో ఆ చిరునామా ఇస్తే, రోబోట్స్ ఫైలు వల్లే పేజీని చదవలేకపోతున్నట్లు తెలిసిపోతుంది. ఇండెక్స్ చేయమని కోరే బటన్‌ను పదేపదే నొక్కడం వల్ల మాత్రం ఫలితం ఉండదు.

పేజీల వేగాన్ని చూపే కోర్ వెబ్ వైటల్స్ నివేదికను చదవడానికి కొంత ఓర్పు కావాలి. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు. క్రోమ్ వాడే సందర్శకుల 28 రోజుల అనుభవం నుంచి ఈ లెక్క తీస్తారు కాబట్టి ఇవాళ చేసిన మరమ్మతు రేపు కనిపించదు. సందర్శకులు తక్కువగా ఉన్న సైటుకైతే ఈ నివేదిక ఖాళీగానే ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. శోధన పదాల వివరాలు 16 నెలలకే పరిమితం, పట్టికలో 1000 వరుసలకు మించి కనిపించవు, అరుదైన పదాలను గోప్యత కోసం దాచేస్తారు. శీర్షిక లేని పేజీలను, తెగిన లింకులను ఇది వరుసగా ఏరి ఇవ్వదు. అందుకు లింకుల వెంట సైటంతా తిరిగి పేజీలను పరిశీలించే స్క్రీమింగ్ ఫ్రాగ్ వంటి క్రాలర్‌ను జత చేసుకోవాలి. 500 చిరునామాల వరకు అది ఉచితమే కనుక చిన్న సైటుకు సరిపోతుంది. అది ఇచ్చిన జాబితాను సైటులోని పేజీల చిరునామాలుండే సైట్‌మ్యాప్‌ ఫైలుతో పోల్చి చూస్తే, లోపలి లింకు ఒక్కటీ లేకుండా మిగిలిపోయిన పేజీలు బయటపడతాయి.