రొమ్ము లిఫ్ట్ అయ్యి మూడేళ్లు: పేచీ అంతా మడతలోని గీతతోనే

జారిన రొమ్ముల్ని పైకెత్తే సర్జరీ ఇది. ఆకారం మీద నాకు ఫిర్యాదు లేదు. పేచీ మచ్చతోనే, అందులోనూ రొమ్ము కింది మడతలో అడ్డంగా సాగే గీతతో. సర్జరీకి ముందు చూపించే ఫోటోలు ఎక్కువగా నిటారుగా నిలబెట్టి తీసినవి. వాటిలో ఆ గీత రొమ్ము నీడలో దాగిపోతుంది. తిరుపతి ఎండలో మాత్రం అది ఉన్న సంగతి రోజూ తెలుస్తుంది.

చనుమొన మడత కన్నా కిందికి దిగి నేల చూస్తుంటే గ్రేడ్ 3 అంటారు. అంత జారినప్పుడు నల్ల వలయం చుట్టూ కోస్తే సరిపోదు, నిలువు గీత తోడైనా చాలామందికి చర్మం ఇంకా మిగిలిపోతుంది. అందుకే లంగరు కోత: వలయం చుట్టూ ఒకటి, అక్కణ్ణుంచి కిందికి ఒకటి, మడతలో అడ్డంగా ఒకటి. నాకు చేసింది ఇదే. నిలువు గీత వచ్చి అడ్డగీతను తాకే మూల ఉంది చూడండి, కుట్టు విచ్చుకుంటే ముందు విచ్చుకునేది అక్కడే. మూడు వైపుల చర్మాన్ని లాగి అక్కడ కలుపుతారు. లాగుడు ఎక్కువ, అంచులకు అందే రక్తం తక్కువ, పైన రొమ్ము బరువు, మడతలో చెమట. పొగతాగేవాళ్లకి, షుగర్ అదుపులో లేనివాళ్లకి ఇంకా ప్రమాదం. రెండో వారం చివర్లో నాకు ఎడమ వైపు పెసరగింజంత తెరుచుకుని, నాలుగు రోజుల్లో రూపాయి బిళ్లంత అయింది.

వెంటనే మళ్లీ కుట్టేయమని అడగాలనిపిస్తుంది. మామూలుగా కుట్టరు, కుట్టకపోవడమే మంచిది. నీరసించిన అంచుల్ని మళ్లీ లాగి కడితే దారం చర్మాన్ని కోసుకుని బయటికొస్తుంది. సెలైన్‌తో కడగడం, అంటుకోని గాజుగుడ్డ వేయడం, తడిసినప్పుడల్లా మార్చడం, అంతే. అడుగున పసుప్పచ్చటి పొర కనిపిస్తే చీము అనుకుని భయపడేవాళ్లే ఎక్కువ. పుండు అడుగు నుంచి పూడేటప్పుడు అది మామూలే. చుట్టూ ఎరుపు పాకుతున్నా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. మూసుకోడానికి అయిదు వారాలు పట్టింది. పూడిన చోట మచ్చ మిగతా గీత కన్నా వెడల్పు. సరిచేయాలన్నా ఏడాది ఆగాలి, ఎందుకంటే మచ్చ మెత్తబడి రంగు తగ్గడానికే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

ఇక సర్జికల్ బ్రా. ముందు హుక్కులు, తీగ లేనిది అని అందరూ చెప్తారు. కింది పట్టీ ఎక్కడ కూర్చుంటుందో మాత్రం కొనేటప్పుడే చూసుకోవాలి. సన్న పట్టీ సరిగ్గా అడ్డగీత మీద పడి రాసుకుంటుంది. పట్టీ వెడల్పుగా ఉండి, మడత కన్నా రెండు వేళ్లు కిందికి దిగాలి. రాత్రీపగలూ ఆరు వారాలు వేసుకోవాలి కాబట్టి మన వేడికి మూడైనా కావాలి. తడి బ్రా మడతను నానబెడుతుంది.

మచ్చ అణగడానికి దానిమీద అంటించే సిలికాన్ షీట్లు పుండు పూర్తిగా మూసి, పొక్కులు రాలాకే మొదలుపెట్టాలి. రోజుకి పన్నెండు గంటలకు తగ్గకుండా, రెండు మూడు నెలలు. ఏప్రిల్, మే నెలల్లో పగలు ఇవి నిలవవు. కింద చెమట పట్టి పొక్కుతుంది, పౌడర్ రాస్తే అంటుకోవు. నేను పగలు సిలికాన్ జెల్, రాత్రి షీట్ అని మార్చుకున్నాక సర్దుకుంది. షీట్‌ని మచ్చ కన్నా చుట్టూ అర సెంటీమీటరు ఎక్కువ కత్తిరించాలి, రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తేదీ మన చేతిలో ఉంటే డిసెంబరు, జనవరి చూసుకోండి.

గ్యాస్ సిలిండర్ 14.2 కిలోలు లోపల గ్యాసే, ఇనుము వేరే. ఆరు వారాలు దాని జోలికి, నిండు బిందె జోలికి పోకూడదు. అలిపిరి మెట్లు 3,550 అంతకన్నా ఆలస్యంగానే పెట్టుకోండి. ఎక్కడం కన్నా దిగడంలోనే అదురు ఎక్కువ.

మొదటి ఏడాది "పైభాగం నిండుగా ఉంది" అని చాలామందికి చెప్పాను. ఆ నిండుదనంలో కొంత వాపే. లిఫ్ట్ చర్మాన్ని బిగిస్తుంది, కొత్తగా కండ పెట్టదు. చనుమొన నుంచి మడతకి అప్పట్లో 7 సెంటీమీటర్లు, ఇప్పుడు ఎనిమిదిన్నర. చనుమొన ఎత్తు మారలేదు, కింది చర్మమే సాగింది.

ఇన్సూరెన్స్ రాదు, సౌందర్యం కింద లెక్కేస్తారు. పైన జీఎస్టీ కలిపి చెప్పారో లేదో అడగండి. డాక్టర్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ స్పెషలిస్టు డిగ్రీ ఉందో చూడండి.

నాకు మళ్లీ పిల్లల ఆలోచన లేదు, బరువు నిలకడగా ఉంది, మడతలో ఎప్పుడూ ఉండే ఒరుపు పోయింది. ఆ లెక్కన నాకు సరిపోయింది. పాలు మాన్పించి ఆరు నెలలు కానివాళ్లు ఆగడం మేలు, రొమ్ము ఇంకా తగ్గుతుంది. చెవి కుట్టిన చోట గడ్డ కట్టిన చరిత్ర ఉంటే ఆ సంగతి మొదటి రోజే డాక్టర్‌కి చెప్పండి, కీలాయిడ్ (మచ్చ గడ్డలా పెరిగిపోవడం) వస్తే ఇంజెక్షన్లు వేయించుకుంటూ ఉండాలి. గ్రేడ్ 1, అంటే కొద్దిగా జారినదే అయితే ఈ అడ్డగీత అవసరమే పడకపోవచ్చు. లంగరు కోతే అంటే ఎందుకో అద్దం ముందు నిలబెట్టి, టేపుతో కొలిచి చూపించమనండి.