మళ్లీ చదువుకు వెళ్తే ఫీజు దేనితో కట్టాలి: లోనా, ఎఫ్‌డీనా, పీఎఫ్‌నా?

నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ ఎంటెక్‌కో ఎంబీఏకో వెళ్దామనుకునేవాళ్లకు సలహాలు రెండు వైపుల నుంచి వస్తాయి. "అప్పెందుకురా, పీఎఫ్ ఉందిగా, తీసెయ్" అని ఇంట్లో నాన్న. "లోను తీసుకో, ట్యాక్స్ బెనిఫిట్ ఉంటుంది" అని ఆఫీసులో పక్క సీటు మిత్రుడు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ లెక్క వేసి చూస్తే రెండూ పూర్తిగా నిలబడవు. కింద చెప్పే పన్ను అంకెలు, సెక్షన్లు, ఫారాలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి.

ముందు ఆ ట్యాక్స్ బెనిఫిట్ సంగతి. సెక్షన్ 80ఇ కింద ఎడ్యుకేషన్ లోను వడ్డీ మొత్తాన్ని ఆదాయంలోంచి తీసేయవచ్చు. పరిమితి లేదు, కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి ఎనిమిదేళ్ల వరకు వర్తిస్తుంది. అసలుకు మాత్రం వర్తించదు. బాబాయ్ దగ్గర తీసుకున్న చేబదులుకూ వర్తించదు. అన్నిటికంటే ముఖ్యం, ఇది మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది, రేట్లు తక్కువగా ఉండే కొత్త విధానంలో కాదు.

చదువయ్యాక 15 లక్షల జీతంతో చేరి, ఏడాదికి లక్ష రూపాయల వడ్డీ కడుతున్నారనుకుందాం. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ నేరుగా తీసేసే మొత్తం) 50 వేలు, 80సి (పీఎఫ్, బీమా లాంటి పొదుపులకు ఇచ్చే మినహాయింపు) కింద లక్షన్నర, 80ఇ కింద లక్ష తీసేస్తే 12 లక్షలు మిగులుతాయి. దానిపై పన్ను సెస్సుతో కలిపి 1,79,400. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తప్ప ఇంకేమీ చూపించకపోయినా పన్ను 97,500 మాత్రమే. అంటే 80ఇ వాడుకున్నవాళ్లు 82 వేలు అదనంగా కట్టినట్టు. ఇంటి అద్దె, హోమ్ లోను లాంటి పెద్ద మినహాయింపులు ఉన్నవాళ్ల లెక్క వేరుగా రావచ్చు. మిగతావాళ్లు లోను తీసుకుంటే అవసరం కొద్దీ తీసుకోవాలి, పన్ను కోసం కాదు. ఇంకో అపోహ కూడా ఉంది: 80సిలో ట్యూషన్ ఫీజు అంటే పిల్లల ఫీజు, మన ఫీజు అందులోకి రాదు.

మరి ఎఫ్‌డీ తియ్యడమా, లోనా? బ్యాంకు ఎఫ్‌డీ మీద ఇచ్చే వడ్డీ కంటే ఎడ్యుకేషన్ లోను మీద తీసుకునే వడ్డీ ఎక్కువే. కాబట్టి తిండికి, గదికి, అనుకోని ఖర్చులకు కనీసం ఏడాదికి సరిపడా పక్కన పెట్టి, ఆపైన ఉన్న ఎఫ్‌డీ ఫీజుకు వాడేయడమే లాభం. ఉన్నదంతా ఫీజుకు పెట్టి, రెండో సెమిస్టర్‌లో క్రెడిట్ కార్డు గీకే పరిస్థితి తెచ్చుకుంటే మాత్రం ఆదా అయిన వడ్డీ రెండు నెలల్లో పోతుంది. ఎడ్యుకేషన్ లోను వడ్డీకి, కార్డు వడ్డీకి పోలికే లేదు.

పీఎఫ్ విషయంలో నాన్నగారితో నేను ఒప్పుకోను. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. చాలా లోన్ల వడ్డీకి దగ్గరగా ఉన్న రాబడి అది, దాన్ని తీసి లోను తప్పించుకున్నా మిగిలేది కొద్దే. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను కూడా పడుతుంది, 50 వేలు దాటితే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోస్తారు. కంపెనీ మారినప్పుడు పాత పీఎఫ్ బదిలీ చేసుకుని ఉంటే ఆ సర్వీసూ ఐదేళ్లలోకి వస్తుంది. ఉద్యోగం మానాక వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది గానీ, ఆదాయమే లేని ఏళ్లలో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

కాబట్టి నా వరుస ఇదీ: ముందు మిగులు ఎఫ్‌డీ, చాలకపోతే లోను, పీఎఫ్ ఆఖరున. ఏడున్నర లక్షల వరకు బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడగవు. కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలోని కాలేజీ అయితే తాకట్టూ, పూచీకత్తూ రెండూ అక్కర్లేదు. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఏడాది వరకు ఈఎంఐ ఉండదు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. గేట్ పరీక్ష స్కోరుతో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. హాస్టల్, మెస్ పోను మిగిలినది ఆ వడ్డీకి కడుతూ పోతే బయటికి వచ్చేసరికి అప్పు పెరగదు.

అసలు ఉద్యోగం మానకుండా చదవొచ్చు కదా అనేవాళ్లూ ఉంటారు. బిట్స్ పిలానీ విల్ప్ (ఉద్యోగం చేస్తూ చదివే కోర్సులు), ఉస్మానియా ఈవినింగ్ ఎంబీఏ లాంటివి ఉన్నాయి. అదే రంగంలో ప్రమోషన్ కోసమైతే డబ్బుపరంగా వాటికి మించింది లేదు. రంగం మారాలన్నా, క్యాంపస్ ప్లేస్‌మెంట్ కావాలన్నా మాత్రం పూర్తికాలపు చదువే.

మానేసే ఏడాది పన్ను సంగతి చాలామంది పట్టించుకోరు, డబ్బు పోయేది అక్కడే. నెలకు లక్షన్నర జీతమైతే కంపెనీ ఏడాది మొత్తానికి 18 లక్షలు వస్తాయనుకుని నెలనెలా దాదాపు 12,500 టీడీఎస్ కోస్తుంది. జులై ఆఖరున మానేస్తే మీ ఆదాయం ఆరు లక్షలే, కొత్త విధానంలో రిబేటు పోను పన్ను సున్నా. కోసిన 50 వేలూ మీవే. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో హెచ్‌ఆర్ సరిచేయకపోతే రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాలి. "ఇప్పుడు జీతం లేదుగా" అని రిటర్న్ వేయనివాళ్లు ఒక సెమిస్టర్ హాస్టల్ ఖర్చు వదులుకున్నట్టే.

చదువుకునే ఏడాదిలో జీతమే ఉండదు కనుక, బ్యాంకుకు 15జి డిక్లరేషన్ (నా ఆదాయానికి పన్ను పడదని చెప్పే ఫారం) ఇచ్చి ఎఫ్‌డీ వడ్డీ మీద టీడీఎస్ ఆపుకోవచ్చు. మ్యూచువల్ ఫండ్లు అమ్మే ఆలోచన ఉన్నా ఆ ఏడాదే మంచిది. ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభంలో మొదటి 1.25 లక్షలకు పన్ను లేదు. వేరే ఆదాయం లేకపోతే ఆపైన లాభాన్ని కూడా పన్ను పడని నాలుగు లక్షల బేసిక్ పరిమితిలో సర్దుకోవచ్చు.

పొదుపు దగ్గరికొస్తే, బయట గది కంటే క్యాంపస్ హాస్టలే మేలు. అడ్వాన్సు, కరెంటు బిల్లు, గ్యాసు, వైఫై, రానుపోను చార్జీలు కలిపితే బయట గది ఎప్పుడూ మొదట అనుకున్న అద్దెకు రాదు. ఒక్క హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. కంపెనీ పాలసీ సాధారణంగా ఆఖరి రోజుతో ఆగిపోతుంది, అందులో చేర్చిన అమ్మానాన్నలకూ అంతే. నోటీసు పీరియడ్‌లో ఉండగానే వాళ్లకూ మీకూ సొంత పాలసీ తీసుకోండి, లేదా అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మార్చమని అడగండి.