టూకే స్ప్రే డబ్బాలతో పాత యెజ్డీ ఫ్రేముకి పెయింట్, పెట్టిన డబ్బుకి వర్తా?

టైం లేనోళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తా. ఫ్రేము, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి), స్టాండ్లు, బ్యాటరీ ట్రే, బ్రాకెట్లు, ఇట్లాంటి వాటికి టూకే స్ప్రే డబ్బాలు (2K, అంటే రంగూ, దాన్ని గట్టిపరిచే మందూ విడివిడిగా ఉండి కొట్టేముందు కలుపుకునే రకం) నిజంగానే పనికొస్తాయి, డబ్బుకి వర్తే. పెట్రోల్ ట్యాంకుకి మాత్రం వద్దు. మంచి మాస్కు కొనే ఉద్దేశం లేకపోతే అసలు ఈ డబ్బాల జోలికే పోవద్దు. మిగతాదంతా ఓపికున్నోళ్ళకి.

బండి మా నాయనది, యెజ్డీ రోడ్‌కింగ్. కిక్ కొట్టే రాడ్డే గేర్ రాడ్డు కూడా అయ్యే బండి, మా తిరుపతిలో ఇప్పటి పిల్లోళ్ళకి చూపిస్తే నవ్వుతారు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి దీని ఒరిజినల్ పార్టులు ఏవైనా తుప్పు పట్టి పోయినాయంటే మద్రాసు పుదుపేటలో వెతుక్కోవాల్సిందే, అదృష్టం ఉంటే దొరుకుతుంది, దొరికినా ఎవురి బండిదో ఏమో. అందుకే ఉన్నవాటిని కాపాడుకోవాలనే ఈ తిప్పలన్నీ.

పౌడర్ కోటింగ్ ఎందుకు చేయించలేదని చానామంది అడిగినారు. అది గట్టిగానే ఉంటుంది, కాదనను. కానీ దాన్ని 180, 200 డిగ్రీల దాకా ఓవెన్‌లో పెట్టి కాలుస్తారు, అంటే ఫ్రేములోంచి బుష్షులు, బేరింగ్ కప్పులు, రబ్బర్లు, గుంటలు పూడ్చిన పాత మెటల్ పేస్టు అన్నీ పీకేసి ఇవ్వాలి. పైగా కరెంటు చార్జితో అతుక్కునే పౌడరు గొట్టాలు కలిసే లోపలి మూలల్లోకి సరిగా పోదు, పాత ఫ్రేముల్లో తుప్పు మొదలయ్యేదేమో కరెక్టుగా ఆ మూలల్లోనే. ఒకసారి కింద తుప్పు మొదలైందా, పైన కోటింగ్ బాగానే కనిపిస్తా ఉంటుంది, ఒకరోజు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. టచప్ చేయడానికి కూడా ఉండదు.

ఇంకో సంగతి, చాసిస్ నంబరు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది కదా, అక్కడ నంబరు చూస్తారు, పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) అడుగుతారు. మందంగా పౌడర్ పడి నంబరు పూడిపోతే మీ బండి మీదేనని చెప్పుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. ఏ పెయింటు వేసినా సరే ఆ నంబరు దగ్గర గ్రైండర్ పెట్టద్దు, పట్టీ (గుంటలు పూడ్చే పేస్టు) పెట్టద్దు, పల్చగా ఒక కోటు చాలు.

ఇంక అసలు సరుకు గురించి. మామూలు స్ప్రే డబ్బా, అదే హార్డ్‌వేర్ షాపుల్లో రెండొందల యాభైకో మూడొందలకో వచ్చేది, దాంట్లో రంగు ఆరేది తిన్నర్ ఎగిరిపోవడం వల్లే. మళ్ళీ తిన్నర్ తగిలినా పెట్రోల్ తగిలినా కరుగుతుంది. ఇది టూ స్ట్రోకు బండి, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోస్తాం, కార్బ్యురేటర్ కింద ఎప్పుడూ ఏదో ఒకటి కారతానే ఉంటుంది, అట్లాంటి బండి ఫ్రేముకి మామూలు డబ్బా కొట్టడం డబ్బులు దండగ. టూకే డబ్బాలో రంగు ఒకపక్క, హార్డెనర్, అదే గట్టిపరిచే మందు, ఒకపక్క విడివిడిగా ఉంటాయి. డబ్బా అడుగున చిన్న పిన్ను, మూతలో ఎర్ర బటన్ లాంటిదొకటి ఇస్తాడు, దాన్ని ఆ పిన్ను మీద పెట్టి గట్టిగా నొక్కితే లోపల హార్డెనర్ క్యాప్సూల్ పగిలి రంగులో కలుస్తుంది, తర్వాత బాగా ఊపాలి. షెడ్డులో స్ప్రే గన్నుతో కొట్టే పీయూ (పాలీయురేథేన్) పెయింటు ఎట్లా గట్టిపడుతుందో ఇది కూడా అట్లే గట్టిపడుతుంది. ధర మామూలు దానికి మూడు నాలుగింతలు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఒక ఆటో పెయింట్స్ షాపులో అడిగినా. "అది ఆన్‌లైన్లోనే సామీ, లూజులో పీయూ కావాలంటే కలిపిస్తా, గన్నూ కంప్రెసరూ ఉండాయా నీ దగ్గర?" అన్నాడు. లేవు. అందుకని ఎపాక్సీ ప్రైమరు (రంగు కంటే ముందు ఇనుము మీద కొట్టే అడుగు కోటు), గ్లాస్ బ్లాక్ (మెరిసే నలుపు) రెండూ టూకే లోనే ఆన్‌లైన్లో తెప్పించినా. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకంటే కింద తిట్టేది కూడా ఉంది. గ్యాస్ డబ్బా కాబట్టి విమానంలో రాదు, లారీలో నిదానంగా వస్తుంది, అర్జెంటు పెట్టుకోవద్దు. వచ్చినాక తయారీ తేదీ చూసుకోండి, హార్డెనర్ పాతబడితే పని చేయదు. మిగతావి, అంటే వాటర్ పేపర్లు (నీళ్ళతో వాడే ఉప్పుకాగితాలు), మాస్కింగ్ టేపు, తిన్నర్, గ్రీజ్ రిమూవర్, అన్నీ ఆ షాపు ఆయన దగ్గరే తీసుకున్నా. మర్యాదస్తుడు, అక్కరలేనిది అంటగట్టలేదు. మెకానిక్కులు పెయింటుకి ముందు పెట్రోల్ గుడ్డతో తుడుస్తారు చూడండి, అట్ల చేయద్దని ఆయనే చెప్పినాడు, పెట్రోల్ ఆరినా సన్నగా జిడ్డు మిగుల్తుంది, ఆ జిడ్డు మీద రంగు గుంటలు గుంటలుగా విడిపోతుంది. డ్యాష్‌బోర్డ్ పాలిష్, చైన్ స్ప్రే లాంటివి కూడా ఆ చుట్టుపక్కల వాడకూడదు, ఫిష్ ఐ అంటారు పెయింటర్లు, సిలికాన్ తగిలితే అదే వస్తుంది.

తుప్పు తీయడం గురించి ఎక్కువ రాయను, అది ఎవరికైనా ఒకటే చాకిరీ. కానీ ఒక్క మాట. కాస్టిక్ సోడాలో ముంచితే పాత రంగు ఊడొస్తుందని చెప్తారు, ఇనుముకి ఓకే, హబ్బులు, అల్యూమినియం పార్టులు వేస్తే వాటినే తినేస్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు వాడితే నీళ్ళతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, యాసిడ్ మిగిలితే దానిమీద ఎపాక్సీ సరిగా పట్టదు. శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే ఇంకా మంచిది, కాకపోతే బ్లాస్టింగ్ అయిన ఇనుము పచ్చి ఇనుము, చేత్తో పట్టుకున్న చోట తెల్లారేసరికి వేలిముద్ర తుప్పు కనిపిస్తుంది, అదే రోజు ప్రైమర్ పడాల్సిందే.

ఎపాక్సీ ప్రైమర్‌కి మాత్రం పూర్తి మార్కులు. పచ్చి ఇనుముని పట్టుకుంటుంది, నీళ్ళు లోపలికి పోనీదు. రోడ్డు పక్క వెల్డింగ్ షాపుల్లో గేట్లకి కొట్టే రెడాక్సైడ్‌తో దీన్ని పోల్చడానికే లేదు. పట్టీ పెట్టాల్సిన గుంటలుంటే ఈ ప్రైమర్ పైన పెట్టుకోవాలి. డబ్బా మీద రాసిన టైం లోపల బ్లాక్ కొడితే ఉప్పుకాగితం పని కూడా ఉండదు, దాటిపోతే 400 నంబర్ పేపర్‌తో ఒకసారి గీరాలి.

బ్లాక్ కొట్టేదానికి ముందే పార్టులన్నీ రెడీగా వేలాడదీసుకొని ఉండాలి. పిన్ను నొక్కినాక డబ్బాకి ఆయుష్షు తక్కువ, దీని మీద 24 గంటలని రాసుంది, అది కూడా 20 డిగ్రీల లెక్క. తిరుపతిలో 20 డిగ్రీలు యాడ ఉండాయి సామీ! మన ఎండకి లోపల ఇంకా తొందరగా చిక్కబడుతుంది, కాబట్టి నొక్కినాక రేపు చూద్దాం అనుకుంటే కుదరదు. ఫ్రేముని స్టీరింగ్ హెడ్‌లోంచి తాడేసి కట్టి, బేరింగ్ కప్పులకి, బుష్షులకి, ఎర్త్ వైరు బిగించే చోటుకి టేపు వేసి, మరలున్న చోటల్లా పాత బోల్టులు తిప్పి పెట్టినా. ఎర్త్ దగ్గర రంగు పడితే బండి బిగించినాక హారన్ రాదు, లైటు మినుకుమినుకుమంటుంది, ఎలక్ట్రీషియన్ వైరింగంతా విప్పుతాడు. ముందు లోపలి మూలలు, వెల్డింగ్ దగ్గర, కింది భాగం, ఆ తర్వాతే పొడుగు గొట్టాలు. మొదటి కోటు మంచు పట్టినట్టు పల్చగా, పది నిమిషాలు ఆగి రెండోది, తర్వాత తడి కోటు. జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా. ఫ్రేములో అన్నీ గుండ్రటి గొట్టాలే, ఒకేచోట ఆగినా వెంటనే కారుతుంది.

వాతావరణం కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది, నవంబరు వానల్లో కొడితే తేమకి తెల్లగా పాలిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో ఎండ ముదరకముందు పొద్దున పూట బెస్టు. నేల మీద నీళ్ళు చల్లుకుంటే దుమ్ము లేవదు. సాయంత్రం లైటు పెట్టుకొని కొట్టొద్దు, పురుగులు వచ్చి అతుక్కుంటాయి. గాలి ఉంటే ఈ పొగ పక్క మిద్దె దాకా పోతుంది, పక్కింటి అత్త అప్పుడే వడియాలు పెట్టినారు, ఆమె తీసేదాకా ఆగి మొదలుపెట్టినా, లేకపోతే నల్ల వడియాలు తినాల్సి వచ్చేది.

మాస్కు సంగతి. హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చెడ్డది, ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం వచ్చే మనుషులుంటారు. కరోనా అప్పటి ఎన్ 95 మాస్కు దీనికి పనికిరాదు, అది దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. బొగ్గు ఫిల్టర్లుండే హాఫ్ మాస్కు, ముందర పార్టికల్ ఫిల్టర్ ఉండేది కావాలి, కళ్ళజోడు, గ్లౌజులు, ఫుల్ చేతులు, అది కూడా ఆరుబయటే. రోజూ ఇదే పని చేసే షెడ్డుల్లో అయితే బయట నుంచి గాలి పైపు వచ్చే మాస్కు ఉండాలి. ఆస్తమా ఉన్నోళ్ళు అసలు ముట్టుకోవద్దు. నాకు ఈ ప్రోడక్టు మీద పెద్ద కంప్లైంట్ ఇదే, డబ్బా మీద హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, తెలుగులో అయితే ఒక్క ముక్క లేదు, అమ్మే పేజీలో మాస్కు మాటే లేదు. పిల్లోళ్ళు హెల్మెట్‌కి కొట్టుకునే డబ్బాతో సమానంగా అమ్ముతా ఉండారు దీన్ని.

రెండో కంప్లైంట్ నాజిల్. డబ్బా సగం దాటినాక తుంపర్లు తుంపర్లుగా ఉమ్ముతుంది, ఆ తుంపర్లు సీటు కింద పడినాయి కాబట్టి సరిపోయింది. 1000 నంబర్ వాటర్ పేపర్, తర్వాత 2000, తర్వాత రబ్బింగ్ కాంపౌండ్‌తో పోయింది, అయినా ఈ ధరకి ఇంకో నాజిల్ ఎగస్ట్రా ఇస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది. మూడోది, నలుపు, తెలుపు, క్లియర్ తప్ప వేరే రంగులు దొరకడం కష్టం.

ట్యాంకుకి ఎందుకు వద్దన్నానంటే, అంత పెద్ద వంపు మీద డబ్బా నాజిల్ ఇచ్చే సన్న ధారతో సమానంగా కొట్టడం అవదు, గీతలు గీతలుగా తేలుతుంది, ఎండలో పెడితే ఇంకా బాగా కనిపిస్తుంది. ట్యాంకు ఎవరైనా మంచి గన్ను పెయింటర్‌కి ఇచ్చేయండి. ఆర్సీలో ఉన్న రంగే వేయించండి, మారిస్తే ఆర్టీవో ఆఫీసు పని ఇంకొకటి. సైలెన్సర్‌కి, సిలిండర్‌కి కూడా ఇది కాదు, వాటికి హీట్ పెయింటు వేరే ఉంది.

వారం రోజులు ముట్టుకోకుండా వదిలేసి, స్టాండు కింద కనపడని చోట పెట్రోల్ గుడ్డతో గట్టిగా రుద్ది చూసినా, గుడ్డకి నలుపు అంటలేదు. పక్కనే మామూలు డబ్బాతో కొట్టిన ఒక పాత రేకు ముక్క మీద రుద్దితే రెండు రుద్దుళ్ళకే ఇనుము తేలింది. బండి బిగించేటప్పుడు స్పానర్ జారి ఒకచోట తగిలింది, చిన్న నొక్కు పడింది గానీ పెచ్చు లేవలేదు. మెరుపు మాత్రం ఒరిజినల్ కంటే కొంచెం ఎక్కువే, పాత బండ్ల పిచ్చోళ్ళకి ఇది నచ్చకపోవచ్చు, వాళ్ళు సెమీ గ్లాస్ తీసుకోండి.

ప్రైమర్‌కి ఐదుకి ఐదు. బ్లాక్‌కి మూడున్నర, కోసింది నాజిల్‌కి, ఆ చీమ తలకాయ అక్షరాలకి. ఫ్రేము ఒక్కటే అయితే ప్రైమరు ఒకటి, బ్లాక్ రెండు తెప్పించుకోండి, రెండో బ్లాక్ పిన్ను మాత్రం మొదటిది అయిపోయినాకే నొక్కండి.