పాత పెద్ద బండి, చిప్ తాళం: వీఎఫ్ఆర్ 800తో నా అనుభవం

నాది 2004 నాటి హోండా వీఎఫ్ఆర్ 800. ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉంటూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇన్నేళ్లుగా ఎండనక వాననక నడుపుతూనే ఉన్నాను. దీని వీ4 ఇంజిన్ గురించి, 7,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో వీటెక్ (అదనపు వాల్వులు తెరిచే ఏర్పాటు) అందుకోగానే మారిపోయే దాని గొంతు గురించి రాసినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది దాని తాళం గురించి.

పాత బండి చూడటానికి వెళ్లినప్పుడు అందరం చైను చూస్తాం, టైర్లు చూస్తాం, ఫోర్కుల దగ్గర ఆయిల్ కారుతోందేమోనని వేలు పెట్టి చూస్తాం. తాళాలు ఎన్ని ఉన్నాయి, అన్నిటితోనూ బండి స్టార్ట్ అవుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఇమ్మొబిలైజర్ (తాళంలోని చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్‌ను స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) ఉన్న పాత బండికి ఆ ప్రశ్న ఇంజిన్ శబ్దం వినడమంత ముఖ్యం. పనిచేసే తాళం ఒక్కటే ఉంటే ఆ బండి ధర వేరు, రెండుంటే వేరు.

మనవాళ్లకి ఇది తట్టకపోవడంలో వింతేమీ లేదు. స్ప్లెండర్, పల్సర్, బుల్లెట్ నడుపుతూ పెరిగాం. తాళం పోతే రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చున్న తాళాలాయన దగ్గరికి వెళ్తే ఆకురాయితో రుద్ది పది నిమిషాల్లో చేతిలో పెడతాడు. యాక్టివా తాళం రంధ్రానికి ఉండే మాగ్నెట్ మూతను చూసి అది కూడా చిప్పే అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు, ఆ మూత పని రంధ్రాన్ని మూసి ఉంచడమే. ఇమ్మొబిలైజర్ సంగతి వేరు. ఇక్కడ తాళానికి పళ్లు ఎంత కచ్చితంగా కోసినా సరిపోదు.

హోండా దీన్ని హిస్ (హోండా ఇగ్నిషన్ సెక్యూరిటీ సిస్టమ్) అంటుంది. తాళం తలలో ప్లాస్టిక్ లోపల చిన్న చిప్ ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ స్విచ్ మూతి చుట్టూ రింగులా ఒక యాంటెన్నా ఉంటుంది. స్విచ్ వేయగానే ఆ రింగు నుంచే చిప్‌కి కరెంటు అందుతుంది, చిప్ తన కోడ్ పంపుతుంది, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని తన మెమరీలో ఉన్నదానితో సరిచూసుకుంటుంది. సరిపోతే మీటర్‌లో హిస్ లైటు రెండు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. సరిపోకపోతే ఆరదు, బండి స్టార్ట్ కాదు. ఒక ఈసీఎంలో గరిష్ఠంగా నాలుగు తాళాలు నమోదు చేసుకోవచ్చు.

నేను బండి చూడటానికి వెళ్లినప్పుడు అమ్మే పెద్దాయన రెండు తాళాలు చేతిలో పెట్టాడు. మొదటిది పెట్టి తిప్పాను. ఎర్ర లైటు వెలిగింది, లోపల పెట్రోల్ పంపు జుయ్‌మంది, లైటు ఆరింది. ఆపేసి రెండోది పెట్టాను. సీటు తాళం తెరుచుకుంది, ట్యాంకు మూత తెరుచుకుంది, ఇగ్నిషన్ కూడా సాఫీగా తిరిగింది. మీటర్లో అన్నీ వెలిగాయి. కానీ ఆ ఎర్ర లైటు మాత్రం అలాగే ఉండిపోయింది. రెండు తాళాలూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపించింది. మొదటిదాని తల మందంగా ఉంది, మీద హోండా రెక్క గుర్తు సగం అరిగిపోయి ఉంది. రెండోది పలచగా ఉంది, దాని మీద ఏ గుర్తూ లేదు. అది చిప్ లేని మామూలు డూప్లికేట్.

పెద్దాయనకు కూడా ఆ సంగతి తెలీదు. అంతకుముందు ఓనర్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే డ్రాయర్లో పడేశాడట, ఎప్పుడూ వాడలేదు. కొత్త తాళం, దాని కోడింగ్ ఖర్చు ధరలో తగ్గించమని అడిగాను, ఒప్పుకున్నాడు. బండికి సంబంధించిన కాగితాల కవర్లో తాళం నంబరున్న చిన్న ట్యాగ్ కూడా దొరికింది. ఆ ట్యాగ్ దొరికితే వదలకండి. తాళం అరిగిపోయినా ఆ నంబరును బట్టి కొత్త పళ్లు కచ్చితంగా కోయగలరు. అరిగిన తాళాన్ని చూసి కోస్తే కొత్తదానికి కూడా ఆ అరుగుదలే వస్తుంది.

కోడింగ్ ఎలా చేస్తారో గ్యారేజీలో దగ్గరుండి చూశాను. పనిచేస్తున్న తాళం పెట్టి, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టేది) కనెక్టర్ దగ్గర ఒక ప్రత్యేకమైన అడాప్టర్ తగిలించి దానికి బ్యాటరీ కరెంటు ఇస్తారు. లైటు కొద్దిసేపు నిలకడగా వెలిగి, తర్వాత నాలుగేసి సార్లు మిణుకుమంటుంది. నమోదుకు ఈసీఎం సిద్ధమైందని దానర్థం. అప్పుడు స్విచ్ ఆపి, కొత్త తాళం పెట్టి తిప్పితే అది కూడా చేరిపోతుంది. పని చిన్నదే. ఖర్చు కూడా భరించగలిగేదే, తాళం, కోడింగ్ కలిపి వంద పౌండ్లు దాటినా పెద్దగా దాటలేదు. అడాప్టర్ లేకుండా వైరుతో ఇంట్లోనే చేసుకునేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం వద్దంటాను. తప్పు వైరుకు కరెంటు తగిలితే పోయేది ఈసీఎం.

ఈ పద్ధతిలో చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. కొత్తది నమోదు చేసేటప్పుడు, అప్పుడు స్విచ్‌లో పెట్టిన పాత తాళం తప్ప మిగతా పాతవన్నీ మెమరీ నుంచి రద్దవుతాయి. అందుకని మీ దగ్గర ఎన్ని తాళాలుంటే అన్నీ గ్యారేజీకి తీసుకెళ్లాలి, అన్నిటినీ మళ్లీ నమోదు చేయించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి ఇదొక వరం. పాత ఓనర్లలో ఎవరి దగ్గరైనా ఒక చిప్ తాళం మిగిలిపోయి ఉంటే, ఈ ఒక్క పనితో అది చెల్లకుండా పోతుంది. రెండు తాళాలూ పనిచేస్తున్న బండి కొన్నా సరే, ఒకసారి మళ్లీ నమోదు చేయించుకోమని అందుకే చెప్తుంటాను.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంకో పరీక్ష ఉంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్క జేబులో వేసుకెళ్లండి. తాళం తలకు దాన్ని మొత్తం చుట్టి ఇగ్నిషన్ వేయండి. ఫాయిల్ అడ్డుపడి యాంటెన్నా చిప్‌ను చదవలేదు కాబట్టి లైటు ఆరకూడదు, బండి స్టార్ట్ కాకూడదు. స్టార్ట్ అయిందంటే అసలు చిప్ బండిలోనే ఎక్కడో ఉన్నట్టు. ఉన్న ఒక్క చిప్ తాళాన్ని రింగు యాంటెన్నా పక్కన టేపుతో అంటించేసి, మామూలు డూప్లికేట్‌తో నడిపేవాళ్లు ఉన్నారు. అలాంటి బండికి ఇమ్మొబిలైజర్ ఉన్నా లేనట్టే. ఇన్సూరెన్స్ ఫారంలో ఉంది అని టిక్ పెట్టి, తర్వాత దొంగతనం జరిగితే క్లెయిమ్ దగ్గర ఎంత టెన్షనో ఊహించుకోండి.

ఇగ్నిషన్‌కి ఒక తాళం, ట్యాంకుకీ సీటుకీ వేరే తాళం ఉంటే ఆగి అడగండి. వాడిన ఈసీఎం తన పాత తాళాలనే గుర్తుపడుతుంది. అందుకే స్క్రాప్ చేసిన బండ్ల నుంచి ఈసీఎం, ఇగ్నిషన్ లాక్, తాళం కలిపి సెట్టుగా అమ్ముతారు. అలా మార్చడం నేరమేమీ కాదు, కానీ ఎందుకు మార్చారన్నది తేలాలి. బిల్లు చూపించి, తాళాలన్నీ పోయాయి అని చెప్తే సరే. మాట తడబడితే మాత్రం ఫ్రేము మీద నంబరు, వీ5సీ (ఇక్కడి ఆర్‌సీ లాంటిది) కాగితం మీది నంబరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఆన్‌లైన్లో ఎంవోటీ (ఇక్కడ ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర ఉచితంగానే దొరుకుతుంది. నచ్చకపోతే వచ్చిన దారినే వెళ్లిపోండి.

ఇక ఇన్నేళ్ల వాడకంలో ఈ సిస్టమ్ ఎలా ఉంది అంటే, నాకు చాలా నచ్చింది. చలికాలంలో గడ్డకట్టే పొద్దుల్లో, గంటల తరబడి వానలో తడిశాక కూడా రెండు సెకన్లకు లైటు ఆరిపోవడమే చూశాను. మొండికేసిన సందర్భాలు అరుదు, వాటికీ కారణాలు దొరికాయి. ఒకటి, కారు చిప్ తాళాన్ని ఇదే తాళాల గుత్తికి తగిలించడం. రెండు చిప్‌లు యాంటెన్నా దగ్గరికి వస్తే ఏ కోడ్ చదవాలో తేలదు. రెండూ విడదీయగానే సరిపోయింది. ఈ జాగ్రత్త హోండా మాన్యువల్‌లో కూడా రాసి ఉంటుంది. రెండోది, బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు లైటు ఆరకపోవడం. ఛార్జింగ్ పెట్టాక మామూలైంది. కాబట్టి లైటు ఆరలేదని వెంటనే ఈసీఎం పోయిందని బెంబేలు పడక్కర్లేదు. ముందు బ్యాటరీ, తర్వాత తాళాల గుత్తి, ఆ తర్వాత యాంటెన్నా కనెక్టర్.

ఆ యాంటెన్నా వైరు హ్యాండిల్‌తో పాటే కదులుతుంది. వేల సార్లు తిరిగి తిరిగి లోపల తెగే అవకాశం ఉంది. కొనేముందు హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకి తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి, తిన్నగా పెట్టి ఒకసారి ఇగ్నిషన్ వేసి చూడండి. మూడుసార్లూ లైటు ఆరాలి. ఇది అన్ని కంపెనీల బండ్లకూ పనికొచ్చే పరీక్షే. బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్ పాత మోడళ్లు చూస్తున్నవాళ్లు రింగు యాంటెన్నా మార్చారా లేదా అని ప్రత్యేకంగా అడగాలి. అది పాడైతే మీటర్ మీద ఈడబ్ల్యూఎస్ (బీఎండబ్ల్యూ ఇమ్మొబిలైజర్ పేరు) అని వచ్చి బండి కదలదు.

అన్ని తాళాలూ పోతే పరిస్థితి కష్టం. కంపెనీ పద్ధతిలో కొత్తది నమోదు చేయడానికి పాత తాళం ఒకటైనా ఉండాలి. లేకపోతే కొత్త ఈసీఎం, కొత్త తాళాలు వేయమంటారు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈసీఎం విప్పి, మెమరీలోంచి కోడ్ చదివి కొత్త చిప్‌లో రాసే నిపుణులు ఉన్నారు, కానీ అన్ని మోడళ్లకూ చేయలేరు. అదే ఒక్క తాళం బతికి ఉంటే, చాలా మోడళ్లకు దాన్ని క్లోన్ (అదే కోడ్‌తో ఇంకో చిప్) చేయించుకోవచ్చు కూడా. అందుకే ఒక్క తాళంతో బండి కొంటే, ఆ వారంలోనే రెండోది చేయించుకోవాలి.

హోండాది ఈ పద్ధతి. మిగతా కంపెనీలవి వేరు. మొన్న నాతో పనిచేసే గుంటూరు కుర్రాడు 2006 నాటి యమహా ఆర్6 చూసొచ్చి ఫోన్ చేశాడు.

“అన్నా, రెండు తాళాలిచ్చాడు, రెండిటితోనూ స్టార్ట్ అవుతోంది. అడ్వాన్స్ ఇచ్చేయనా?”

“ఎర్ర తాళం ఉందా తమ్ముడూ?”

“ఎర్రదా? అదేం లేదన్నాడన్నా. అది లేకపోతే ఏమవుతుంది?”

“ఇప్పుడేం కాదు. ఈ రెండిట్లో ఒకటి పోయిన రోజు తెలుస్తుంది.”

ఆ తరం యమహాలకు రెండు నల్ల తాళాలు, ఒక ఎర్ర తాళం ఇచ్చేవారు. నల్ల తాళాలను మళ్లీ నమోదు చేయడానికే ఎర్రది. దాంతో బండి నడపొద్దని మాన్యువల్‌లోనే ఉంటుంది. అది పోతే కంపెనీ పద్ధతిలో కొత్త తాళం నమోదు కుదరదు, మొత్తం సిస్టమే మార్చాలంటారు. మా తమ్ముడు వెనక్కెళ్లి గట్టిగా అడిగితే, బండి అమ్మే ఆయన భార్య గరాజ్‌లో రేకు డబ్బా వెతికి ఎర్ర తాళం తెచ్చిచ్చింది. అది చేతిలో పడ్డాకే డబ్బు కట్టాడు. 2000ల తొలినాళ్ల చాలా డుకాటీలకైతే ఎర్ర తాళంతో పాటు ఒక కోడ్ కార్డు కూడా ఉంటుంది. ఇమ్మొబిలైజర్ మొరాయిస్తే, ఆ కార్డు మీది అంకెలను థ్రాటిల్ తిప్పుతూ, లైటు మిణుకులు లెక్కపెడుతూ ఎక్కించి బండి స్టార్ట్ చేసుకోవచ్చు. కార్డు లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే.

బయట బిగించిన అలారంల గురించి ఒక్క మాట. ఇక్కడి పాత బండ్లలో ఇవి చాలా కనిపిస్తాయి. రిమోట్ ఒక్కటే ఉండి, పిన్ ఎవరికీ గుర్తులేక, వైర్లు ఇరవై ఏళ్ల కిందట టేపు చుట్టి కలిపినవి అయితే, బండి తీసుకున్నాక దాన్ని పూర్తిగా పీకించేయండి. ఫ్యాక్టరీ ఇమ్మొబిలైజర్ ఉండగా దాని అవసరం లేదు.

అలాగని ఇమ్మొబిలైజర్ ఉంటే దొంగలు రారని కాదు. రెండు వందల కిలోలు దాటిన బండిని కూడా నలుగురు కలిసి వ్యాన్‌లోకి ఎత్తేస్తారు. నేలలో దింపిన యాంకర్‌కి మంచి చైను వేసే పెడతాను. తాళం లేకుండా వైర్లు కలిపి తోలుకుపోయేవాళ్లను ఆపడం వరకే ఇమ్మొబిలైజర్ పని. ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

హైదరాబాద్‌లో పాత సూపర్‌బైకులు చూస్తున్నవాళ్లకూ ఇవే మాటలు వర్తిస్తాయి. యమహా 2007 చివర్లో ఆర్1ను మన దేశంలో అమ్మడం మొదలుపెట్టింది, 2009లో హోండా సీబీఆర్ 1000ఆర్‌ఆర్, సీబీ 1000ఆర్ వచ్చాయి. అవన్నీ ఇప్పటికి మూడు నాలుగు చేతులు మారాయి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు తాళాలన్నీ బల్ల మీద పెట్టమనండి. ఒక్కటే ఉందంటే, బేరం ముగిసేలోపే కోడింగ్ చేసేవాళ్లకి ఫోన్ చేయండి. చిప్ తాళాలు చేస్తామని బోర్డు పెట్టినవాళ్లలో కార్లకు మాత్రమే చేసేవాళ్లు చాలామంది. బండి మోడల్, సంవత్సరం చెప్పి, ఇంతకుముందు ఇదే బండికి చేశారా, ఎంత తీసుకుంటారు అని అడగండి. వాళ్లు చెప్పిన అంకెను ధరలోంచి తీసేసి మాట్లాడండి.