కలబందకి మట్టి కుండీయా, ప్లాస్టిక్ కుండీయా? విశాఖలో ఏది మేలు?

వానలు పట్టాయంటే చాలు, "కలబంద ఆకులు మెత్తబడిపోతున్నాయి, నీళ్ళు చాలట్లేదా?" అని అడిగేవాళ్ళు వరుస కడతారు. చాలక కాదు, ఎక్కువై. నీళ్ళు అందని ఆకు పలచబడి, అంచులు లోపలికి ముడుచుకుంటుంది. ఆకు మొదలు దగ్గర గోధుమరంగు తిరిగి, పట్టుకుంటే ఆకు చేతికి ఊడివస్తోందంటే వేరు కుళ్ళిందన్నమాట. దాని వెనకే వచ్చే ప్రశ్న ఏ కుండీ మంచిదని.

అనంతపురంలో అయితే ఇంత చర్చ అక్కర్లేదు. గాలే పొడి, దేంట్లో పెట్టినా బతుకుతుంది. విశాఖలో జూలై నుంచి అక్టోబరు దాకా సముద్రపు చెమ్మకి ఉతికిన బట్టలే ఆరవు, ఇక కుండీలో మట్టేం ఆరుతుంది? పైగా కలబంద తీరు వేరు. ఆకు మీది సన్న రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది కాబట్టి ఆకుల గుండా పోయే నీరు చాలా తక్కువ. మందారమో గులాబీయో అయితే పోసిన నీళ్ళు తనే తాగి మట్టిని ఆరబెడుతుంది. కలబంద ఆ పని చెయ్యదు. మట్టి ఆరాలంటే ఆ భారమంతా కుండీదే. ఎంపికలో తేల్చే విషయం ఇదొక్కటే, మిగతావి తర్వాత.

ప్లాస్టిక్ కుండీలో చెమ్మ బయటికి పోవడానికి రెండే దారులు: పైన మట్టి ముఖం, అడుగున రంధ్రాలు. కాల్చిన మట్టి కుండీకి చుట్టూ గోడంతా దారే. వాన తగలని బాల్కనీలో, ఆగస్టులో, 8 అంగుళాల మట్టి కుండీ ఆరడానికి సుమారు 10 నుంచి 12 రోజులు పడితే, అంతే సైజు ప్లాస్టిక్ కుండీకి మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు. అలవాటుగా వారానికోసారి పోసేవాళ్ళ చేతిలో ప్లాస్టిక్‌లోని మొక్క పోయేది అందుకే. రోజులు లెక్కపెట్టడం కంటే చీపురుపుల్లని 3 అంగుళాల లోతుకి గుచ్చి, పావుగంట ఆగి తీయండి. పుల్లకి మట్టి అంటుకున్నా, చెమ్మ తగిలినా నీళ్ళు వద్దు. పొడిగా వస్తే అడుగు రంధ్రంలోంచి కారేదాకా ఒకేసారి పోయాలి. రోజూ గ్లాసుడు పోస్తే పైపొర మాత్రమే తడుస్తూ ఉంటుంది.

మట్టి కుండీలోనూ మెలికలున్నాయి. కొత్తదాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వాడాలి, లేకపోతే మట్టిలోని తడిని అదే పీల్చేస్తుంది. అందంగా ఉంటుందని ఎనామిల్ పెయింట్ వేశారో, గోడలోని సన్న రంధ్రాలన్నీ పూడుకుపోయి బరువున్న ప్లాస్టిక్ కుండీ అవుతుంది. జాజు (ఎర్రమన్ను) పూస్తే పర్వాలేదు. బోరు నీళ్ళు పోసేచోట గోడ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే కొబ్బరిపీచుతో రుద్దితే సరిపోతుంది. పిట్టగోడ మీద మాత్రం పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఎందుకో చెప్పక్కర్లేదు. తుపాను కబురు రాగానే కుండీలు నేలమీదికి, గోడ మూలకి చేరాలి.

ప్లాస్టిక్‌ని కొట్టిపారేయడం లేదు. తేలిక, చవక, పగలదు. అద్దె ఇళ్ళవాళ్ళకీ, గ్రిల్లుకి తగిలించుకునేవాళ్ళకీ అదే దిక్కు. అప్పుడు తేడా మట్టిలో చూపించాలి. మట్టి కుండీకి ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఏటి ఇసుక రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒక పాలు వేస్తే, ప్లాస్టిక్‌కి ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక రెండు పాళ్ళు, కంపోస్టు అర పాలు చాలు. అడుగున చిటికెనవేలంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి, కాల్చిన మేకుతో పెట్టుకోవచ్చు. కొబ్బరిపొట్టు వద్దేవద్దు, వానాకాలంలో అది తడిని వదలదు. ఆర్కే బీచ్ ఇసుక ఊరికే వస్తుంది కదా అని తేకండి, ఉప్పు వేళ్ళని మాడుస్తుంది. అడుగున గులకరాళ్ళు మందంగా పరిచినా లాభం లేదు. నీరు ఆ రాళ్ళ పైన మట్టిలోనే ఆగి వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు.

మే నెలలో లెక్క కాస్త మారుతుంది. పడమటి ఎండ నేరుగా కొట్టే డాబా మీద నల్ల ప్లాస్టిక్ కాగిపోయి అంచున ఉన్న వేళ్ళు దెబ్బతింటాయి. మట్టి కుండీ గోడ చెమ్మ ఆవిరవుతూ చల్లగా ఉంటుంది, కాకపోతే వారానికోసారి నీళ్ళు తప్పవు. ఎండకి ఆకు ఎర్రబారితే కంగారొద్దు, కాస్త నీడకి జరిపితే మళ్ళీ పచ్చబడుతుంది.

సిమెంటు కుండీ గాలికి కదలదు, ఎత్తడానికి ఇద్దరు కావాలి. పింగాణీది చూడ్డానికే, ఆరే విషయంలో ప్లాస్టిక్‌కి చుట్టం. గ్రో బ్యాగుల్లో గుడ్డవైతే నయం.

ప్లాస్టిక్ నుంచి మార్చేవాళ్ళు వానలకి ముందే కానివ్వండి. లోతు కంటే వెడల్పు ఎక్కువున్న కుండీ తీసుకోండి, దీని వేళ్ళు పైపైనే పాకుతాయి. కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కైతే వేళ్ళ చుట్టూ జిగురుమట్టి ముద్ద ఉంటే మొత్తం రాల్చేయాలి. కుళ్ళిన వేళ్ళుంటే తెల్లటి భాగం కనబడేదాకా కోసి, మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి పొడి మట్టిలో నాటాలి. సొంత వేళ్ళున్న జానెడు పిల్ల మొక్కల్ని అప్పుడే వేరు చేసుకోవచ్చు. నాటిన వారం దాకా చుక్క నీళ్ళు పోయొద్దు, కోసిన చోట మానాలి. తర్వాత కింద పళ్ళెం పెట్టుకున్నా, అందులోకి దిగిన నీళ్ళు అరగంటలో ఒంపేయాలి.