పిల్లికి పచ్చి చికెనా, ఉడికించిందా, డ్రై ఫుడ్డా: ఏది మేలు?

డ్రై ఫుడ్ (ప్యాకెట్లో వచ్చే ఎండు గుళికల తిండి) మాన్పించి పిల్లికి పచ్చి మాంసం అలవాటు చేద్దామనే ఆలోచన సగం మంచిదే. పిల్లి మాంసం మీద బతికే జంతువు, పాలన్నం దాని ఒంటికి చాలదు. కాకపోతే మేలు చేసేది మాంసం, దాని పచ్చిదనం కాదు.

పచ్చి మాంసానికి అనుకూలంగా చెప్పే గట్టి కారణం టారిన్, అంటే మాంసంలో ఉండే, పిల్లికి తప్పనిసరైన ఒక పోషకం. అది తక్కువైతే గుండె కండరం సాగి బలహీనపడుతుంది, కంటి రెటీనా దెబ్బతింటుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపం కారణమని 1987లో తేలింది. టారిన్ నీళ్లలో కరుగుతుంది, కాబట్టి ఉడికించిన నీళ్లు పారబోస్తే దాంతోపాటే పోతుంది. పారబోయకుండా మాంసంలో కలిపేస్తే నష్టం చాలావరకు తప్పుతుంది. రెండో కారణం ఎముక. పచ్చి మెడ, రెక్క ఎముకలను పిల్లి నమలగలదు, కాల్షియం అందుతుంది. ఉడికిన ఎముక మాత్రం సూదుల్లా చీలుతుంది, ఎప్పుడూ పెట్టొద్దు.

ప్రమాదం సంగతి చూద్దాం. చికెన్ సెంటర్‌లో పొద్దుటి నుంచి ఒకే మొద్దు, ఒకే కత్తి. సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఒక కోడి నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. ఫ్రీజర్‌లో పెట్టినా పూర్తిగా చావవు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్ పచ్చి కోడి మాంసం నుంచి పిల్లికి సోకితే ప్రాణం మీదికి వస్తుంది. మే ఎండల్లో గిన్నెలో పచ్చి మాంసం త్వరగా పాడవుతుంది. చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో పచ్చిది వద్దే వద్దు.

డ్రై ఫుడ్‌లో పోషకాలు లెక్క ప్రకారం ఉంటాయి, ఎదిగే కూనలకు అదే భద్రం. నీళ్లు మాత్రం పది శాతం దగ్గరే. అసలే తక్కువ నీళ్లు తాగే జంతువు, ఎండాకాలంలో అది మరీ ఇబ్బంది. మగపిల్లికి మూత్రం దారి మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది: మూత్రానికి కూర్చుని ముక్కుతూ చుక్క పోయలేకపోతే ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అందుకే పెద్ద పిల్లికి మా సలహా: సగం ఉడికించిన మాంసం, సగం డ్రై ఫుడ్. మాంసంలో జింకు, అయోడిన్, విటమిన్ ఇ సరిపడా ఉండవు, వాటిని డ్రై ఫుడ్ పూరిస్తుంది.

ఉడికించే మాంసం కిలోకు ఎముక తీసిన కోడి తొడ మాంసం 800 గ్రాములు, గుండెకాయలు, కందనకాయలు కలిపి 150, కార్జం 50. కార్జం చాలాకాలం మరీ ఎక్కువగా పెడితే విటమిన్ ఎ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. చిన్న ముక్కలు చేసి, సగం మునిగేలా నీళ్లు పోసి, మూతపెట్టి లోపల గులాబీ రంగు పోయేదాకా ఉడికించాలి. ఉప్పు, మసాలా ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి, కాబట్టి మనం తినే కూర ముక్క కూడా పెట్టొద్దు. చల్లారాక 6 గ్రాముల గుడ్డు పెంకు పొడి కలపాలి. పెంకులు పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో పిండిలా చేయాలి. గరుకుగా ఉంటే పిల్లి వదిలేస్తుంది. కాల్షియం లేని ఉత్త మాంసం వారాల తరబడి పెడితే కూనల ఎముకలు బలహీనపడి, కాస్త దూకినా కాళ్లు విరగవచ్చు. రోజు మొత్తానికి 60 గ్రాముల చొప్పున డబ్బాల్లో ఫ్రీజ్ చేసుకుంటే నాలుగు కిలోల పిల్లికి మాంసం వాటాగా దాదాపు సరిపోతుంది. కరెంటు పోయి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు.

మార్పు తొందరపడి చేయొద్దు. రోజంతా గిన్నె నిండుగా ఉంచే అలవాటు ముందు మాన్పించి, మూడు పూటలకు తేవాలి. తర్వాత ఒక చెంచా మాంసం, నాలుగు రోజులకు పావు వంతు, పదిహేను రోజులకు సగం. ముట్టకపోతే గోరువెచ్చగా చేసి, పైన డ్రై ఫుడ్ పొడి చల్లాలి. విరేచనం పలచబడితే కార్జం, కొవ్వు తగ్గించాలి. తెల్లగా, గట్టిగా వస్తే పెంకు పొడి ఎక్కువైనట్టు. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టొద్దు: రెండు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావు పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరుతుంది. ఒక రోజు పూర్తిగా మానేస్తేనే పాత తిండికి వెళ్లిపోయి, వారం ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి.