పాత కారు కొనేముందు: సర్వీస్ రికార్డా, మెకానిక్ చూపా?

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొనే మనవాళ్లందరిదీ ఇదే ప్రశ్న.

ఖర్చు: రికార్డులకు దాదాపు ఏమీ కాదు. మెకానిక్‌కి ఒక పూట కూలి ఇవ్వాలి.

శ్రమ: ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ వివరాలొస్తాయి. సర్వీస్ చరిత్ర మాత్రం ఓనరునే అడిగి తెప్పించాలి. మెకానిక్‌ని పొద్దున్నే తీసుకెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించాలి.

రిస్క్: ఇక్కడే అసలు సంగతి. మీటరు వెనక్కి తిప్పారా అన్నది ఏటేటా సర్వీసులో రాసిన కిలోమీటర్లే పట్టిస్తాయి, మెకానిక్ కంటికి చిక్కడం కష్టం. నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు. 2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు వైపు నీళ్లు ఎలా నిలిచాయో చూశాం కదా! బయటి గ్యారేజీలో బాగుచేయిస్తే కంపెనీ రికార్డులో ఉండదు. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద మరక, కార్పెట్ కింద ముక్కిన వాసన, సీటు పట్టాల మీద తుప్పు: వీటిని చేయి తిరిగినవాడే చూడగలడు.

మూడు నాలుగేళ్ల బండి, ఒకే ఓనరు, సర్వీసంతా కంపెనీలోనే అయితే రికార్డులు ముందు. ఎనిమిదేళ్లు దాటినా, చేతులు మారినా మెకానిక్ లేకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఏపీ, తెలంగాణ నంబరు బండైతే ఎన్‌వోసీ (అక్కడి ఆర్‌టీవో ఇచ్చే ‘అభ్యంతరం లేదు’ పత్రం) కూడా అడగండి.